ఆగిపోయిన ఆటల యంత్రం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : వ్యాసం
ఇతివృత్తం : విజ్ఞానశాస్త్రం – సాంస్కృతిక పరిరక్షణ

కంప్యూటరు ఆటలను కాలక్షేపంగా భావించడం సర్వసాధారణం. అయితే ఆ ఆటల వెనుక ఒక యంత్రాంగం, ఆ యంత్రాంగం వెనుక ఒక చరిత్ర ఉంటాయి. పాతికేళ్లపాటు ప్రపంచమంతటా లక్షలాది ఆటలకు ఆధారమై, 2020 డిసెంబరు 31న సేవలు ముగించుకొన్న ‘ఫ్లాష్’ చరిత్రను ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక సాధనం అంతరించినప్పుడు దానితో నిర్మించిన సృజన ఏమవుతుంది? ఆ సృజనను కాపాడవలసిన బాధ్యత ఎవరిది? అనే ప్రశ్నలను విద్యార్థుల ముందుంచడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

గోదావరి డెల్టా ప్రజలకు ధవళేశ్వరం ఆనకట్ట కథ కొత్త కాదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమైన ఆ నిర్మాణం 1852లో పూర్తయింది. కరవు కాటకాలతోను, వరదలతోను అల్లాడిన సీమ దానివల్ల అన్నపూర్ణగా మారింది. నూరేళ్లు దాటేసరికి ఆ కట్టడం శిథిలమయింది. దాని స్థానంలో కొత్త బ్యారేజిని నిర్మించారు. 1982లో అది పూర్తయింది. పాత ఆనకట్ట పని ముగిసింది. కాని కోనసీమ కొబ్బరితోటకు గాని, భీమవరం వరిచేనుకు గాని నీరు ఆగిపోలేదు. ఎందుకంటే కొత్త బ్యారేజి కూడా నీటిని పాత కాలువలలోకే పంపింది. నిర్మాణం మారింది, ప్రయోజనం కొనసాగింది.

సాంకేతిక ప్రపంచంలో అన్ని మార్పులూ ఇంత నిండుగా జరగవు. ఒక్కొక్కప్పుడు కొత్త ఆనకట్ట వస్తుంది. పాత కాలువలు మాత్రం ఎండిపోతాయి. ఫ్లాష్ కథ అటువంటిది.

ముందుగా ‘గేమ్ ఇంజిన్’ అంటే ఏమిటో తెలుసుకోవాలి. ఇందుకు దూరం వెళ్లనక్కరలేదు. కాకినాడ సమీపంలోని మాధవపట్నం తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి. తోలుబొమ్మలాట బృందం ఏ ఊరు వెళ్లినా తన వెంట ఒక తెల్లని తెర, దీపాలు, బొమ్మలను కదిలించే దబ్బలు, వాద్యాలు తీసుకొని వెళుతుంది. ఈ రాత్రి సుందరకాండ ఆడవచ్చు. రేపు విరాటపర్వం ఆడవచ్చు. కథ మారుతుంది, బొమ్మలు మారుతాయి. తెర మారదు, దీపం మారదు, బొమ్మను ఆడించే విధానం మారదు. ప్రతి కథకూ తెరను కొత్తగా నేయవలసిన అవసరం లేదు.

కంప్యూటరు ఆటలో గేమ్ ఇంజిన్ నిర్వహించే పాత్ర సరిగ్గా ఇదే. బొమ్మను తెరమీద చూపించడం, కదిలించడం, ఆడేవాడు మీట నొక్కితే గుర్తించడం, రెండు వస్తువులు ఢీకొన్నాయో లేదో లెక్కకట్టడం, శబ్దాన్ని వినిపించడం – ఇవన్నీ దాదాపు ప్రతి ఆటకూ అవసరమే. ఈ ఉమ్మడి పనులను ఒకచోట కూర్చి, ఏ ఆటకైనా వాడుకొనేలా సిద్ధం చేసిన సామగ్రినే గేమ్ ఇంజిన్ అంటారు. అది చేతిలో ఉన్న సృజనశీలి తన శక్తినంతా కథమీద, కల్పనమీద వెచ్చించగలుగుతాడు.

ఫ్లాష్ ఆటల కోసమే పుట్టలేదు. దాని మూలపురుషుడు జొనాథన్ గే అనే అమెరికన్. పాఠశాలలో చదివే రోజులలోనే అతడు కంప్యూటరు ఆటలు వ్రాయడం మొదలుపెట్టాడు. 1986లో వెలువడిన ‘డార్క్ కాజిల్’ అనే ఆట అతని ప్రోగ్రాంతో నడిచినదే. 1993లో అతడు మిత్రునితో కలిసి ‘ఫ్యూచర్‌వేవ్’ అనే సంస్థను స్థాపించాడు. కలం వంటి పరికరంతో తెరమీద గీసే కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటికోసం ‘స్మార్ట్‌స్కెచ్’ అనే చిత్రలేఖన సాధనాన్ని రూపొందించారు. ఆ కంప్యూటర్లు ప్రజాదరణ పొందలేదు. నిర్మాతలు నిరాశపడక, ఆ సాధనానికి బొమ్మలను కదిలించే శక్తిని జోడించారు. 1996లో అది ‘ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్’గా విడుదలయింది. అదే ఏడాది డిసెంబరులో మాక్రోమీడియా సంస్థ దానిని కొనుగోలు చేసి, ‘ఫ్లాష్’ అని క్లుప్తమైన పేరు పెట్టింది.

ఫ్లాష్ విజయానికి ప్రధాన కారణం దాని పొదుపరితనం. ఆ రోజులలో అంతర్జాలం టెలిఫోను తీగల ద్వారా అతి మందంగా ప్రవహించేది. ఒక చిన్న ఛాయాచిత్రం తెరమీద పూర్తిగా కనబడడానికే చాలాసేపు పట్టేది. ఛాయాచిత్రంలో ప్రతి చుక్క రంగునూ విడివిడిగా పంపవలసి ఉంటుంది. ఫ్లాష్ బొమ్మలో ఆ అవసరం లేదు. సంక్రాంతి నెలలో మన ఇళ్ల ముందు ముగ్గులు వేస్తారు. ఒక ముగ్గును పొరుగూరి బంధువుకు నేర్పాలంటే, పిండి ఎక్కడెక్కడ రాలిందో రవ్వరవ్వనూ చెప్పనక్కరలేదు. ‘పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వరకు’ అని చెప్పి, కలపవలసిన తీరు సూచిస్తే చాలు. అక్కడ అదే ముగ్గు మళ్లీ వికసిస్తుంది. ఫ్లాష్ సైతం గీత ఎక్కడ మొదలై ఎటు వంగి ఎక్కడ ముగుస్తుందో చెప్పే సూత్రాన్ని మాత్రమే పంపేది. చూసేవారి కంప్యూటరు ఆ సూత్రాన్ని బట్టి బొమ్మను గీసుకొనేది. అందువల్ల సన్నని తీగలోనుండి సైతం రంగుల ప్రపంచం సునాయాసంగా దిగివచ్చేది.

2000 సంవత్సరంలో వెలువడిన అయిదవ సంచికతో ఫ్లాష్‌కు ‘యాక్షన్‌స్క్రిప్ట్’ అనే ఆదేశభాష సమకూరింది. అంతవరకు కదిలే బొమ్మగా ఉన్నది, అప్పటినుండి ఆడేవారి చేష్టలకు స్పందించే ఆటగా మారింది. చిత్రలేఖనం తెలిసినవాడు కొద్దిపాటి ఆదేశాలు నేర్చుకొంటే ఒంటరిగానే ఆటను నిర్మించగలిగాడు. పెద్ద సంస్థ అండ అవసరం లేకపోయింది. టామ్ ఫల్ప్ స్థాపించిన ‘న్యూగ్రౌండ్స్’ వంటి వేదికలపై వేలాది యువకులు తమ ఆటలను ఉచితంగా ఉంచారు. 2002లో ఫ్లాష్ ఆటగా పుట్టిన ‘ఏలియన్ హోమినిడ్’ తరువాత దుకాణాలలో అమ్ముడయ్యే ఆటగా ఎదిగింది. చెక్ దేశపు కళాకారులు 2009లో ‘మషినేరియమ్’ అనే చిత్రకావ్యం వంటి ఆటను ఫ్లాష్‌తోనే రూపొందించారు. 2005లో ఆరంభమైన యూట్యూబ్ సైతం తొలినాళ్లలో ఫ్లాష్ ఆధారంగానే దృశ్యాలను చూపించింది.

2000 దశకంలో రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు వంటి పట్టణాల ఇంటర్నెట్ కేంద్రాలలో గంటకింత అని రుసుము చెల్లించి కూర్చున్న విద్యార్థులకు ఫ్లాష్ ఆటలు సుపరిచితాలు. ఆటను కొనవలసిన పని లేదు, యంత్రంలో ప్రతిష్ఠించుకోవలసిన పని లేదు. పుట తెరిస్తే ఆట సిద్ధం. ఖరీదైన కంప్యూటరు కొనలేని సామాన్యులకు కూడా ఆటల ప్రపంచంలో ప్రవేశం కల్పించిన ఘనత ఫ్లాష్‌ది.

ఈ సందర్భంలో ‘ఫార్మ్‌విల్’ను ప్రత్యేకంగా స్మరించాలి. జింగా సంస్థ 2009 జూన్‌లో దీనిని ప్రవేశపెట్టింది. ఇందులో ఆడేవాడు రైతు. దున్నాలి, విత్తాలి, కోయాలి. స్ట్రాబెర్రీ పంట నాలుగు గంటలలో చేతికి వచ్చేది. సకాలంలో కోయకపోతే వాడిపోయేది. ఇరుగుపొరుగు తోటలకు సాయపడితే పరోపకారానికి ఫలంగా ప్రతిఫలం దక్కేది. 2010 నాటికి నెలకు 8 కోట్ల మందికి పైగా ఈ సేద్యం చేశారు. నారుమడి నుండి కుప్పనూర్పు వరకు నెలల తరబడి నిరీక్షించే డెల్టా రైతుకు నాలుగు గంటల పంట నవ్వు తెప్పించవచ్చు. అయినా మట్టికి దూరమై మహానగరాల గదులలో బ్రతుకుతున్న ఎందరికో ఆ చిన్న మడి ఒక ఊరట. ఆ మడికి నీరందించిన కాలువ ఫ్లాష్.

2005 డిసెంబరులో అడోబీ సంస్థ మాక్రోమీడియాను సుమారు 340 కోట్ల డాలర్లకు సొంతం చేసుకొంది. దానితో ఫ్లాష్ అడోబీ చేతికి వచ్చింది. హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు అభ్యసించిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో అడోబీకి ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. ఫ్లాష్ జీవితంలోని చివరి ఘట్టాలన్నీ ఆయన నాయకత్వంలోనే జరిగాయి.

అదే 2007లో ఆపిల్ సంస్థ ఐఫోన్‌ను విడుదల చేసింది. అందులో ఫ్లాష్‌కు చోటు లేదు. 2010 ఏప్రిల్ 29న ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖలో ఇందుకు కారణాలు వివరించాడు. ఫ్లాష్ ఒకే సంస్థ గుప్పిట ఉన్నదని, భద్రతాలోపాలు ఉన్నాయని, బ్యాటరీని త్వరగా హరిస్తుందని, వేలితో తాకి పనిచేసే తెరలకు తగదని అతని వాదన. శంతను నారాయణ్ ఆ వాదనను తిరస్కరిస్తూ బహిరంగంగానే ప్రత్యుత్తరమిచ్చారు. ఒకసారి నిర్మించినది అన్ని పరికరాలపైనా పనిచేయాలన్నదే అడోబీ ఆశయమని, ఆపిల్ ఆంక్షలే దానికి అడ్డమని ఆయన అభిప్రాయం. ఇరుపక్షాలలోనూ కొంత సత్యం ఉంది. ఫ్లాష్‌లోని లోపాలను ఆసరాగా చేసుకొని కంప్యూటర్లలోకి చొరబడిన దుండగులు ఉన్న మాట నిజం. తన పరికరాలపై ఏది నడవాలో తానే శాసించాలని ఆపిల్ కోరుకొన్న మాటా నిజమే.

కాలం ఆపిల్ పక్షాన నిలిచింది. ప్రజలు బల్లమీది కంప్యూటరును విడిచి అరచేతి ఫోనువైపు మళ్లారు. 2011 నవంబరులో ఫోన్ల బ్రౌజర్ల కోసం ఫ్లాష్‌ను అభివృద్ధి చేయడం మానివేస్తున్నట్లు అడోబీ ప్రకటించింది. బొమ్మలను, శబ్దాన్ని, చలనాన్ని చూపే శక్తి హెచ్‌టీఎంఎల్5 రూపంలో బ్రౌజరుకే సహజంగా అబ్బింది. 2017 జులై 25న అడోబీ తుది ప్రకటన చేసింది. మూడేళ్ల గడువు తరువాత 2020 డిసెంబరు 31న ఫ్లాష్ ప్లేయరుకు మద్దతు ముగిసింది. ఫార్మ్‌విల్ తలుపులు కూడా సరిగ్గా ఆనాడే మూతపడ్డాయి. 2021 జనవరి 12 నుండి ఫ్లాష్ ప్లేయరు తనంతట తానే ఆటలను ఆడించడానికి నిరాకరించింది.

ముందుగా హెచ్చరించినా అందరూ సిద్ధపడలేదు. దక్షిణాఫ్రికా పన్నుల శాఖవారి దరఖాస్తులలో కొన్ని అప్పటికింకా ఫ్లాష్‌తోనే నడుస్తున్నాయి. గత్యంతరం లేక ఆ శాఖ 2021 జనవరిలో వాటికోసం ప్రత్యేకంగా ఒక బ్రౌజరునే విడుదల చేసింది. ప్రభుత్వ శాఖకు అటువంటి మార్గం దొరికింది. కాని పదిహేనేళ్ల ప్రాయంలో ఒక ఆటను నిర్మించి లోకానికి ఉచితంగా ఇచ్చిన యువకునికి ఏ మార్గం ఉన్నది? అతడు మరో వృత్తిలో స్థిరపడి ఉంటాడు. ఆ ఆటను కొత్త సాధనంతో తిరగవ్రాసే తీరిక గాని, ఒక్కొక్కప్పుడు మూలప్రతి గాని అతని వద్ద ఉండదు. ఆట చెడిపోలేదు, దానిని ఆడించే యంత్రం పోయింది. తెరను, దీపాన్ని తీసుకొని వెళ్లిపోతే పెట్టెలో బొమ్మలు ఉండి ఏమి ప్రయోజనం?

ఫ్లాష్‌ను నిలిపివేయడం తప్పని ఇక్కడ చెప్పడం లేదు. శిథిలమైన ఆనకట్టను నమ్ముకొని కూర్చోవడం వివేకం కాదు. భద్రత లేని సాధనాన్ని కోట్లాది ప్రజల కంప్యూటర్లలో ఉంచడం ప్రమాదకరం. విమర్శించదగిన విషయం వేరొకటి ఉంది. ధవళేశ్వరంలో కొత్త కట్టడం తలపెట్టినప్పుడు పాత కాలువల సంగతి ఆలోచించారు. ఫ్లాష్ విషయంలో పాత ఆటలకు నీరందించే ఏర్పాటు నిర్మాతలు చేయలేదు. ప్లేయరు లోపలి ప్రోగ్రామును ప్రజలకు వెల్లడించి ఉంటే ఆ పనిని ప్రజలే నిర్వహించుకొనేవారు. అలా వెల్లడించమని కొందరు విన్నవించినా, అది జరగలేదు.

అయినా ఆశ పూర్తిగా అడుగంటలేదు. ఉత్సాహవంతులు కొందరు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. ‘ఫ్లాష్‌పాయింట్’ అనే ఉద్యమం 2018లో రూపుదిద్దుకొంది. ప్రపంచం నలుమూలలనుండి సభ్యులు ఆటలను వెదకి, భద్రపరచి, లక్షకు పైగా ఆటలను, చలనచిత్రాలను కాపాడారు. ‘రఫుల్’ అనే మరొక స్వచ్ఛంద ప్రయత్నం మరింత మౌలికమైనది. అది ఫ్లాష్ ప్లేయరు చేసే పనిని సరికొత్తగా, సురక్షితంగా చేసే ప్రోగ్రాం. 2008లో అడోబీ ఫ్లాష్ ఫైళ్ల నిర్మాణ వివరాలపై ఆంక్షలు సడలించింది. అటువంటి ప్రయత్నాలకు ఆ వివరాలు ఉపకరించాయి. 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ రఫుల్ సాయంతో ఎన్నో పాత ఆటలకు తన డిజిటల్ గ్రంథాలయంలో ఆశ్రయం ఇచ్చింది. దీనిని కొత్త బ్యారేజినుండి పాత కాలువకు త్రవ్విన తూముగా భావించవచ్చు.

ఇటువంటి కృషి మనకు అపరిచితం కాదు. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం చరిత్ర 1898 నాటిది. అక్కడ ముద్రిత గ్రంథాలతోపాటు తాళపత్రాలు కూడా భద్రంగా ఉన్నాయి. గంటంతో తాటాకుపై వ్రాసే అలవాటు పోయింది, అచ్చుయంత్రం వచ్చింది. అచ్చు వచ్చింది కదా అని తాటాకులను పొయ్యిలో వేయనందువల్లనే ప్రాచీన వాఙ్మయం మనకు దక్కింది. తాటాకును చెదలు తింటాయి, చెమ్మ తింటుంది. అయినా కన్ను ఉన్నవాడు అక్షరం నేర్చుకొని దానిని చదవవచ్చు. ఆటయంత్రంలో దాగిన సృజనకు ఆ భాగ్యం లేదు. ఏకైక ఆధారమైన ప్రోగ్రాం నిలిచిపోతే, ఒక్క చెదపురుగు తాకకపోయినా అది అదృశ్యమవుతుంది. కాబట్టి కొత్త తరం గ్రంథాలయం పుస్తకాన్ని మాత్రమే కాక, పుస్తకాన్ని తెరిచే తాళంచెవిని కూడా దాచవలసి ఉంటుంది.

డెల్టా కళాశాలలనుండి ఏటేటా ఎందరో యువతీయువకులు కంప్యూటరు రంగంలో ప్రవేశిస్తున్నారు. వారిలో ఆటలు నిర్మించేవారు ఉంటారు. తెలుగు పాఠాలను, పద్యాలను, జానపద కథలను తెరకెక్కించేవారూ ఉంటారు. ఏ సాధనాన్ని ఎన్నుకొంటున్నామో, అది ఎవరి అధీనంలో ఉన్నదో, రేపు అది ఆగిపోతే తమ సృష్టి ఎలా బ్రతుకుతుందో వారు ముందుగానే ఆలోచించుకోవాలి. మూలప్రతిని భద్రపరచుకోవాలి. నలుగురికీ తెలిసిన, నలుగురూ చదవగలిగిన రూపంలో దాచుకోవాలి. ఆనకట్టలు మారక తప్పదు. కాలువలో నీరు ఆగకుండా చూసుకోవడం మన చేతిలోని పని.

కఠిన పదాలు – అర్థాలు

శిథిలం = పాడుబడినది
దబ్బ = వెదురు బద్ద
సృజన = కొత్తగా సృష్టించడం
ఆంక్ష = నిషేధం, కట్టుబాటు
గత్యంతరం = మరొక దారి
వాఙ్మయం = సాహిత్యం
గంటం = తాటాకుపై వ్రాసే ఇనుప కలం
తూము = నీరు పారడానికి ఏర్పరచిన మార్గం
అధీనం = వశం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ఫ్లాష్ పుట్టుక, వికాసం, ముగింపులను వివరించండి.
2. ధవళేశ్వరం ఆనకట్ట మార్పునకు, ఫ్లాష్ ముగింపునకు గల భేదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. గేమ్ ఇంజిన్‌ను తోలుబొమ్మలాటతో రచయిత ఎలా పోల్చారు?
2. ముగ్గు ఉదాహరణ ద్వారా ఫ్లాష్ గురించి ఏమి తెలుస్తుంది?
3. ఫ్లాష్‌ విషయంలో ఆపిల్, అడోబీ సంస్థల వాదాలు ఏమిటి?
4. పాత ఆటలను కాపాడడానికి జరిగిన ప్రయత్నాలను తెలపండి.

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ఫ్లాష్‌కు మూలమైన సాధనాన్ని రూపొందించినది ఎవరు?
2. ఫార్మ్‌విల్ ఎప్పుడు మూతపడింది?
3. తాళపత్రాలు భద్రపరచిన రాజమహేంద్రవరం గ్రంథాలయం ఏది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. నిర్మాణం మారింది, ప్రయోజనం కొనసాగింది.
2. ఆట చెడిపోలేదు, దానిని ఆడించే యంత్రం పోయింది.

V. సంధులు
1. గ్రంథాలయం = గ్రంథ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
2. పరోపకారం = పర + ఉపకారం – గుణ సంధి
3. ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం – యణాదేశ సంధి
4. ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి

VI. సమాసాలు
1. తోలుబొమ్మ – తోలుతో చేసిన బొమ్మ – తృతీయా తత్పురుష సమాసం
2. పాత కాలువలు – పాతవైన కాలువలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
3. గౌతమీ గ్రంథాలయం – గౌతమి అనే పేరుగల గ్రంథాలయం – సంభావనా పూర్వపద కర్మధారయ సమాసం
4. యువతీయువకులు – యువతులు, యువకులు – ద్వంద్వ సమాసం